పానగల్లు మండపం, 24×36 కాన్వాసు: గీత బొగ్గుతోనా పెన్సిల్‌తోనా? కింది పూత ఏ రంగుల?

నల్లగొండ_కుంచె:
అందరికి నమస్తే. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం లోపలి మండపాన్ని ఆయిల్ రంగులతోని వెయ్యాలనుకుంటున్న. కాన్వాసు 24×36 అంగుళాలు, కాటన్, కొట్లనే ప్రైమర్ కొట్టి అమ్మేది. ముందట రెండు స్తంభాలు, వాటి నడుమ నుంచి గర్భగుడి ద్వారం, లోపల లింగం, దాని వెనక గోడ మీద పడే నీడ. బొమ్మంత ఆ నీడ మీదనే నిలబడాలె. రెఫరెన్సుకు ఫోన్ ఫొటోలున్నయి, అక్కడనే కూసొని గీసిన చిన్న స్కెచ్‌లున్నయి.

అడగాల్సినవి ఇవి. గీత బొగ్గుతోనా, పెన్సిల్‌తోనా? కింది పూత గోధుమ రంగులనా, బూడిద రంగులనా? కింద అక్రిలిక్ కొట్టి పైన ఆయిల్ వేస్తే నిలుస్తదా? ఎండలు 43, 44 దాటుతున్నయి, దానికేమన్న పద్ధతి మార్చుకోవాలెనా?

వనపర్తి_డ్రాయింగ్_సార్:
ఈ నాలుగింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ బొమ్మలో అన్నిటికన్నా తేటగా ఉండే చోటు ఏది, అన్నిటికన్నా చీకటిగా ఉండే చోటు ఏది? అది తేలకుండా కాన్వాసు ముట్టుకుంటే బొగ్గయినా పెన్సిల్ అయినా ఒకటే.

కాగితం మీద 2×3 అంగుళాల గడులు అరడజను గీయండి. మీ కాన్వాసు నిష్పత్తి కూడా 2:3 కాబట్టి కూర్పు అట్లాగే పెద్దదవుతుంది. ఒక్కో గడిలో మూడే టోన్లు: కాగితం తెలుపు, నడిమి బూడిద, నలుపు. శిల్పాలు, చెక్కడాలు ఏవీ వద్దు. కళ్లు సగం మూసి చూస్తే మిగిలే ముద్దలు మాత్రమే వేయండి. ఒక గడిలో ముందటి స్తంభాలను నల్లగా, వెనక వెలుగుగా పెట్టండి. ఇంకో గడిలో స్తంభాల మీద వెలుగు, వెనక చీకటి. ఈ రెండూ సగం సగం కలిపితే లోతు పోతుంది.

మీ బొమ్మకు నీడే ముఖ్యం అంటున్నారు. నీడ కనపడాలంటే దాన్ని నల్లగా చేయడం కాదు, దాని రెండు పక్కలా గోడను తేటగా ఉంచాలి. 1 నుంచి 5 దాకా మెట్లు అనుకుంటే (1 తెలుపు, 5 నలుపు) నీడ 4, పక్కన గోడ 2. అంతటి తేడా బొమ్మలో ఇంకెక్కడా ఉండకూడదు. ముందటి స్తంభాలు 4, 5 నడుమనే తిరగాలి. వాటి మీద తెల్లటి మెరుపు పెట్టారంటే చూపు అక్కడే ఆగిపోతుంది, లోపలికి పోదు.

ఫోన్ ఫొటోల గురించి కూడా. ఫోన్ చీకట్లను తనంతట తానే తేటపరుస్తుంది, వెలుగులను అణుస్తుంది. అందుకే రెండు ఫొటోలు కావాలి: ఒకటి వెలుగు మీద తాకి, ఒకటి చీకటి మీద తాకి తీసింది. దగ్గర నిలబడి మామూలు లెన్స్‌తో తీస్తే అంచుల్లోని స్తంభాలు సాగుతాయి, ఫోన్ పైకెత్తితే లోపలికి వాలుతాయి. వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టి, ఫోన్ నిటారుగా పట్టి తీయండి. అక్కడ కూర్చుని గీసిన స్కెచ్ మీద మెట్ల నంబర్లు రాసి ఉంటే ఫొటో కన్నా ఆ నంబర్లనే నమ్మండి.

బొగ్గు_పుల్ల:
నా ఓటు బొగ్గుకే. పుల్ల బొగ్గు, అంటే విల్లో చార్‌కోల్. కంప్రెస్డ్ బొగ్గు వద్దు. దాంట్ల జిగురు కలుస్తది, గుడ్డతోని దులిపినా పోదు.

బొగ్గుతోని లాభం ఏందంటే తప్పును అరచేత్తోని తుడిచెయ్యొచ్చు. 36 అంగుళాల కాన్వాసు మీద భుజం కదిలించి గీయాలె, పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి మణికట్టు కాడనే ఆగిపోతది. పుల్లను పక్కకు పండబెట్టి రాస్తే టోన్ కూడ పడతది. గీత అయిపోయిన తర్వాత ఇట్ల చెయ్యి:

రా అంబర్‌ను (ముదురు గోధుమ మట్టి రంగు) టర్పెంటైన్‌తోని టీ డికాషన్ అంత పల్చగ కలుపు. సన్నటి పొడుగు కుంచెతోని పనికొచ్చే గీతల మీదనే ఒకసారి నడిపించు. గంటసేపు ఆరనియ్యి. అప్పుడు పాత బనీను గుడ్డతోని కాన్వాసును కొట్టినట్టు దులుపు, రుద్దొద్దు. బొగ్గంత రాలిపోయి అంబర్ గీత మిగులుతది. బొగ్గును దులపకుండ రంగెక్కిస్తే ఆ పొడి రంగుల కలుస్తది. పసుపు పచ్చటి రంగులు, చర్మం రంగులు ముందుగాల మాసిపోతయి.

ఫిక్సేటివ్, అంటే బొగ్గు రాలకుండ పట్టి ఉంచే స్ప్రే, కొట్టుడయితే 30 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పల్చటి పూతలు, ఆరుబయట. హెయిర్ స్ప్రే కొట్టమని ఎవరన్న చెప్తే వినకు. అది కాన్వాసు కోసం చేసింది కాదు.

పాలమూరు_పెన్సిల్:
బొగ్గు అన్నతో ఒక్క విషయంలో కలవను. ఇది చెట్టో కొండో కాదు, స్తంభాలు, ద్వారబంధం. కొలతతో కూడిన పని. బొగ్గు గీత మందం 3 మిల్లీమీటర్లుంటే స్తంభం నిలువు ఎక్కడో ఎవరికి తెలుస్తుంది? కట్టడాలకు పెన్సిలే మంచిది. కాకపోతే హెచ్.బి. పెట్టి, చెయ్యి బరువు వేయకుండా. 2హెచ్ లాంటి గట్టిది పెడితే ప్రైమర్ మీద గాడి పడుతుంది. 4బి పెడితే గ్రాఫైట్ రంగులోకి జారుతుంది.

గ్రాఫైట్‌తో ఉన్న అసలు ఇబ్బంది వెంటనే కనపడదు. ఆయిల్ రంగు ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పారదర్శకమవుతుంది, పల్చగా తేట రంగు వేసిన చోట కింది పెన్సిల్ గీత పైకి తేలుతుంది. అందుకే గీతను ఒక పల్చటి అక్రిలిక్ పూతతో మూసేయాలి. మ్యాట్ మీడియం (మెరుపు లేకుండా ఆరే, రంగు లేని అక్రిలిక్) అయినా సరే, పల్చటి రంగు అయినా సరే. ఆకాశం, తెల్లగోడ పడే చోట్ల గీత అస్సలు ఉంచకండి.

బాల్ పెన్ను, స్కెచ్ పెన్ను, టైపు కార్బన్ పేపరు ఈ మూడింటినీ కాన్వాసు దగ్గరికి రానివ్వకండి. వాటిలోని రంగు పై పూతల్లోకి ఊరుతుంది. బొమ్మను దించాలంటే ట్రేసింగ్ పేపరు వెనక బొగ్గు రాసి, ముందు నుంచి గట్టి పెన్సిల్‌తో దిద్దితే చాలు.

గద్వాల_గోడబొమ్మ:
పెన్సిలా బొగ్గా అని కొట్లాడే ముందు ఫ్రేము చూడు తమ్మీ. 24×36కు మూల నుంచి మూలకు 43¼ అంగుళాలు రావాలె. రెండు వైపులా కొలువు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చిందంటే ఫ్రేము వంకర. దాని మీద ఎంత కరెక్టు స్తంభం గీసినా వాలినట్టే కనపడతది. ఫ్రేము మూలలల్ల పెట్టే చెక్క చీలికలు గొట్టి సరి చెయ్యి.

ఫొటోను 6×9 అంగుళాలకు కత్తిరించి ప్రింటు తీయించు. సాగదీయొద్దు, కత్తిరించాలె. ఫొటో మీద 1 అంగుళం గడులు, కాన్వాసు మీద 4 అంగుళాల గడులు. రెండిట్ల 54 గడులే వస్తయి. కాన్వాసు మీద గడుల కోసం గీతలు గియ్యనే వద్దు. ఫ్రేము పక్కల మీద 4 అంగుళాలకొక చిన్న మేకు సగం దించి, కుట్టుదారం అడ్డం నిలువు లాగు. పనయినంక దారం ఇప్పెయ్యి, కాన్వాసు మీద మచ్చ ఉండదు.

ముందుగాల గడి గీతను బొమ్మ ఎక్కడ కోస్తదో ఆ చుక్కలు పెట్టుకో. తర్వాత చుక్కలు కలుపు. గడి లోపల కూసొని చెక్కడం గియ్యబోతే పక్క గడితోని అతకదు. ఇంకొకటి. స్తంభానికి గుండ్రటి కట్లు ఉంటే అన్నిటికి ఒకటే వంపు గీస్తరు చాలమంది. కంటి ఎత్తుల ఉన్న కట్టు అడ్డం గీత లెక్క ఉంటది. దానికి పైనవి పైకి వంగుతయి, కిందవి కిందికి వంగుతయి. కంటికి ఎంత దూరమైతే వంపు అంత ఎక్కువ.

బొగ్గు_పుల్ల:
దారం గడి మంచి మాట. పెన్సిల్ అన్నకు మధ్యే మార్గం చెప్తా: ముద్దలు బొగ్గుతోని పెట్టి, నిలువులు అడ్డాలు స్కేలు పట్టి పెన్సిల్‌తోని సరిచెయ్యి. రెండు ఒకే కాన్వాసు మీద ఉండొచ్చు.

అంబర్_అక్క_భువనగిరి:
కింది పూత మాట నేను చెప్తాను. ముందు కాన్వాసు. కొట్టులో ప్రైమర్ కొట్టి అమ్మేవి చాలావరకు పల్చగా ఉంటాయి. అక్రిలిక్ జెస్సో తెచ్చి ఇంకో రెండు పూతలు వెయ్యి. నాలుగు పాళ్ల జెస్సోకు ఒక పాలు నీళ్లు. మొదటి పూత అడ్డం, రెండోది నిలువు. పూతకూ పూతకూ నడుమ ఆరాక 220 నంబరు ఉప్పు కాగితంతో తేలికగా రుద్ది, తడిగుడ్డతో తుడవాలి. ఫెవికాల్‌లో సుద్దపొడి కలిపి ప్రైమర్‌గా కొట్టే అలవాటు మన దగ్గర ఉంది. అట్టల మీద ప్రాక్టీసుకు నడుస్తుంది కానీ, వానాకాలం తేమకు మెత్తబడుతుంది. నిలవాల్సిన బొమ్మకు అది వద్దు.

చివరి పూత వేశాక మూడు రోజులు వదిలెయ్యి. తర్వాత టోన్. 24×36కు ట్యూబు నుంచి రా అంబర్ 3 సెంటీమీటర్లు పిండి, రెండు టీ చెంచాల టర్పెంటైన్‌తో కలిపి, వెడల్పు కుంచెతో అంతటా పులిమి, వెంటనే గుడ్డతో ఒత్తి తుడిచెయ్యి. కాన్వాసు నేత కనపడుతూ నడిమి టోన్ మిగలాలి, 2కూ 3కూ మధ్య. టర్పెంటైన్ ఇంతకన్నా ఎక్కువ పోస్తే రంగును పట్టుకునే నూనె చాలదు, ఆరాక వేలికి పొడి అంటుతుంది. అట్లా అంటితే దాని మీద పని చెయ్యకు, తుడిచి మళ్లీ వెయ్యి.

గుడి లోపలికి నేను రా అంబరే అంటాను. బర్న్‌ట్ సియన్నా మన చెల్క నేల ఎరుపు, పచ్చటి పొలం దృశ్యానికి కింద అది బాగుంటుంది. పచ్చదనం సందుల్లోంచి ఎరుపు తొంగిచూస్తే పచ్చ బతుకుతుంది. చల్లటి రాతికి మాత్రం ఎక్కువ ఎరుపైపోతుంది.

ఇక అసలు కింది పూత. నాది తుడుపు పద్ధతి. ఆ టోన్ ఆరాక, మళ్లీ రా అంబర్‌ను ఈసారి టర్పెంటైన్ చుక్కలతోనే, మెత్తగా కలిపి కాన్వాసంతా పల్చగా రాసి, తేట చోట్లను గుడ్డతో ఎత్తెయ్యాలి. పెద్ద వెలుగులకు బనీను గుడ్డ, చిన్నవాటికి చెవి పుల్ల, పదును అంచుకు పాత ఏటీఎం కార్డు. చీకట్లకు అదే రంగు ఇంకొంచెం ఎక్కించాలి. తెలుపు అస్సలు వాడకూడదు. రెండు మూడు గంటల్లో మొత్తం బొమ్మ వెలుగు చీకటిగా కళ్ల ముందుంటుంది, నచ్చకపోతే తుడిచేసి మళ్లీ మొదలెట్టొచ్చు. పైగా అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది, పల్చటి పూత అయితే ఒకటి రెండు రోజులు. లియొనార్డో 1481లో మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేసిన మాగీల ఆరాధన బొమ్మ ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియంలో ఉంది. ఫొటో వెతికి చూడు, గోధుమ కింది పూత అంటే ఏమిటో ఒక్క చూపులో తెలుస్తుంది.

బూడిద_రంగు_మిర్యాలగూడ:
అక్కా, తుడుపు పద్ధతి తొందరగా అవుతది, ఒప్పుకుంటా. కని దాంట్ల అంచులు కట్టుబడవు. రాతి స్తంభానికి కణుపులు కణుపులుగ టోను మారతది, అది గుడ్డతోని రాదు. దీనికి గ్రిజాయ్ కావాలె. తెలుపు నలుపు కలిపిన బూడిద మెట్లతోని పూర్తి బొమ్మ వేసి, పైన పారదర్శక రంగులు నడిపియ్యాలె.

మెట్లు కలుపుడు గూడ ఒక పద్ధతి. నలుపుల తెలుపు కలపొద్దు, తెలుపుల నలుపు కలపాలె. నలుపుకు బలమెక్కువ, కొంచెం పడ్డా మెట్టు దాటిపోతది. ముందు నడిమి బూడిద, అంటే 3 కలుపు. దాంట్ల సగం తీసి తెలుపు కలిపితే 2. ఇంకో సగానికి నలుపు కలిపితే 4. అన్నీ ఒకటేసారి కలిపి, ప్యాలెట్ మీద వరుసగ పెట్టుకొని, తర్వాతనే కుంచె పట్టు. నడుమ నడుమ కలుపుకుంట పోతే మెట్లు చెదురుతయి.

నలుపు మాటకు, ఐవరీ బ్లాక్ నూనె ఎక్కువ తాగుతది, ఆరుడు ఆలస్యం. కింది పూతల అది ఒక్కటే వాడొద్దు. రా అంబర్ కలుపు, లేకుంటే బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్ నీలం కలిపి నలుపు చేసుకో. జింక్ వైట్ కూడ కింది పూతకు పనికిరాదు. ఆరినంక పెళుసైతది, పైపొరలు పగులుతయి. టైటానియం వైట్ తీసుకో.

ముఖ్యమైన మాట: పైన గ్లేజు, అంటే పారదర్శక రంగు పల్చటి పొర, నడిపేటట్టయితే గ్రిజాయ్‌ని అనుకున్నదాని కన్నా ఒక మెట్టు తేటగ వెయ్యి. ప్రతి గ్లేజు బొమ్మను చీకటి చేస్తది. కిందనే పూర్తి నలుపు పెట్టినవంటే పైన రంగుకు చోటే లేదు.

అంబర్_అక్క_భువనగిరి:
టైటానియం వేసిన బూడిద ఆరడానికి వారం, మందంగా వేస్తే ఇంకా ఎక్కువ. ఆ అబ్బాయి ఎన్ని రోజులు కూర్చోవాలి? తుడుపు పద్ధతి ముందు, అది ఆరాక వెలుగులు పడే చోట మాత్రమే తెలుపు, రా అంబర్ కలిపి నీ బూడిద పని చేస్తే సరిపోతుంది. చీకట్లు పల్చగా, పారదర్శకంగా ఉంటాయి, వెలుగులు మందంగా లేస్తాయి. గుడి లోపలికి కావాల్సింది అదే.

బూడిద_రంగు_మిర్యాలగూడ:
చీకట్లను పల్చగ వదిలే మాటకు నేను గూడ సరే అంటా. గ్రిజాయ్‌ల చీకట్లను తెలుపు కలిపిన రంగుతోని కప్పితే సుద్ద పూసినట్టయితది, ఆ తప్పు శానమంది చేస్తరు.

పోచంపల్లి_పోగు:
నడుమల అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మనిషి బొమ్మ, ఒంటి మీద పోచంపల్లి ఇక్కత్ చీర. కింది పూతలోనే చీర డిజైను గీసుకోవాలా, పైన వేసుకోవాలా? ముఖానికి ఆకుపచ్చ కింది పూత అంటారు, అది మన రంగు ఒంటికి పనికొస్తుందా?

బూడిద_రంగు_మిర్యాలగూడ:
డిజైను కింద వద్దు. ముందు చీరను ఒకటే రంగు బట్ట అనుకొని కుచ్చిళ్లు, మడతలు మెట్లతోని పూర్తి చెయ్యి. ఆరినంక డిజైను. మడత లోపలికి పోయే కాడ గడులు సన్నబడాలె, కొన్ని మాయం కావాలె. డిజైను ముందుగాల గీస్తే మడతల మీద అది పోస్టర్ లెక్క చదునుగ కూసుంటది. నీడల డిజైనుకు, నేలకు తేడా తగ్గియ్యి. అక్కడ తెల్ల గడి గూడ తెల్లగ ఉండదు.

ఇక్కత్ అంచు చెదిరినట్టుంటది గద, దాన్ని కంటితోని గుర్తు పట్టే తీరు ఏందంటే, రంగు పోగు పొడుగునా పారతది. పేక మీద కట్టిన డిజైను అడ్డం చెదురుతది, పడుగు మీద కట్టింది నిలువు చెదురుతది. రంగు తడిగ ఉన్నప్పుడే పొడి కుంచెతోని ఆ దిక్కుకే ఒకసారి లాగు. అన్ని దిక్కులా మసక చేస్తే ఇక్కత్ కాదు, తడిసిన ప్రింటు అయితది.

వనపర్తి_డ్రాయింగ్_సార్:
ఆకుపచ్చ సంగతి. చర్మం కింద పచ్చమట్టి రంగు వేయడం ఇటలీ పాత పద్ధతి. లండన్ నేషనల్ గ్యాలరీలో మైకెలాంజెలో సగంలో వదిలేసిన మాంచెస్టర్ మడోన్నా బొమ్మలో ఇద్దరు దేవదూతలు ఆ పచ్చ పూత దగ్గరే ఆగిపోయి కనిపిస్తారు. పైన పడే గులాబీ రంగును ఆ పచ్చ అణుస్తుంది. తెల్లటి చర్మానికి అది లెక్క. మన చామనఛాయకు పైన వేసేది గులాబీ కాదు, ఓకర్ (పసుపు మట్టి రంగు), సియన్నా. వాటి కింద పచ్చ వేస్తే ముఖం రోగిష్టిగా వస్తుంది. నలుపు, తెలుపు, ఎల్లో ఓకర్ కలిపిన వెర్డాచ్చియో పల్చగా వేయండి, లేదా నేరుగా రా అంబర్. నీడ వైపు కింది పూతను కొంత కప్పకుండా వదిలేస్తే చర్మం నీడ అదే అవుతుంది.

అక్రిలిక్_అబ్బాయి_నకిరేకల్:
కింద అక్రిలిక్, పైన ఆయిల్: నిలుస్తుంది. కింద ఆయిల్, పైన అక్రిలిక్: నిలవదు, పొరగా లేచిపోతుంది. షరతులు రెండు. అక్రిలిక్ పల్చగా, మ్యాట్‌గా ఉండాలి. మెరుపు మీడియం (గ్లాసీ) కలిపినా, మందంగా పూసినా ఆయిల్ పట్టుకోదు. రంగులో సగానికి మించి నీళ్లు పోయొద్దు, జిగురు చెదిరి పొడిబారుతుంది. పూత అయ్యాక కనీసం ఒక రోజు, మూడు రోజులైతే ఇంకా మంచిది.

ఈ ఎండలో అక్రిలిక్‌తో తుడుపు పద్ధతి మాత్రం కుదరదు. 44 డిగ్రీల్లో నిమిషాల్లో బిగుసుకుంటుంది, గుడ్డతో లేవదు. అక్రిలిక్ కింది పూతను పొరలు పొరలుగా, చీకటి పెంచుకుంటూ వెయ్యాలి. ఉదయం 9 లోపలే కూర్చోవాలి, ఫ్యాను బొమ్మ మీదికి తిప్పొద్దు. ప్యాలెట్‌కు స్టీలు పళ్లెంలో తడిపిన గుడ్డ, దాని మీద బటర్ పేపరు, దాని మీద రంగు పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా తడి ఉంటుంది. ఆరాక అక్రిలిక్ తడిలో కన్నా కొంచెం చీకటిగా కనపడుతుంది. మెట్లు కలిపేటప్పుడు ఒక ముక్క అట్ట మీద ఆరబెట్టి చూసుకోవాలి.

నల్లగొండ_కుంచె:
అందరికి థ్యాంక్స్. ఇంకొకటి అడుగుతున్న. మీడియం, అంటే రంగుల కలిపే నూనె, టర్పెంటైన్, ఏ పొరకు ఎంత? ఇంట్ల వంటకు తెచ్చిన అవిసె నూనె ఉన్నది, అది నడుస్తదా?

ఆరని_ఆయిల్:
వంట అవిసె నూనె వద్దు. శుద్ధి చెయ్యని నూనెలో జిగురు పదార్థాలుంటాయి. ఆరడం ఒక తీరుగా ఉండదు, పసుపెక్కుతుంది. ఆర్టిస్టుల కోసం అమ్మే రిఫైన్డ్ లిన్సీడ్ చిన్న సీసా చాలు. హార్డ్‌వేర్ కొట్టులో ఎనామెల్‌కు పోసే టర్పెంట్ కూడా బొమ్మల్లోకి వద్దు. కుంచెలు కడుక్కోవడానికి సరే.

కొలత: కింది పూతకు టర్పెంటైన్ మాత్రమే. రెండో పొరకు రెండు పాళ్ల టర్పెంటైన్, ఒక పాలు లిన్సీడ్. మూడో పొరకు సగం సగం. పైకి పోయేకొద్దీ నూనె పెరగాలి. ఎందుకంటే నూనె ఎక్కువున్న పొర నిదానంగా ఆరుతుంది, ఎక్కువ సాగుతుంది. అది కింద ఉండి పైన బిగుసుకున్న పొర ఉంటే, కిందిది కదిలినప్పుడు పైది పగులుతుంది. వాళ్లూ వీళ్లూ చెప్పే నియమాల్లో ఇది ఒక్కటి తప్పితే మాత్రం బొమ్మ దక్కదు.

ఇంకో రెండు గొడవలు వస్తాయి. ఆరిన రంగు అక్కడక్కడ మెరుపు పోయి, నలుపు బూడిదగా కనపడితే కింది పూత నూనెను పీల్చేసిందని అర్థం. ప్రైమర్ ఎక్కువ దాహంతో ఉన్నా, టర్పెంటైన్ ఎక్కువైనా ఇదే. రంగు మార్చొద్దు. పొర బాగా ఆరాక టర్పెంటైన్, లిన్సీడ్ సగం సగం కలిపి గుడ్డతో అతి పల్చగా రుద్ది, మిగులును తుడిచెయ్యి. అసలు రంగు తిరిగొస్తుంది. రెండోది దానికి ఎదురు: పైపొర రంగు చుక్కలుగా ముడుచుకుపోతుంది. కింది పొర మరీ మెరుస్తోందన్నమాట. ఆరిన ఆ చోటును సన్న ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా తాకించి, దుమ్ము తుడిచి వెయ్యి.

కింది పూత ఆరిందా లేదా వేలితో కాదు, గోరుతో చూడాలి. మందం ఉన్న చోట గోరు నొక్కితే గుంట పడకూడదు. ఎండాకాలం పైన తొందరగా ఆరినట్టుంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది. ఆరాలని ఎండలో పెట్టొద్దు, కాన్వాసు బిగుసుకుని రంగు లాగుతుంది.

గద్వాల_గోడబొమ్మ:
నూనె గుడ్డల మాట ఎవ్వరు చెప్పలే. లిన్సీడ్ తడిసిన గుడ్డలు ఉండచుట్టి మూలకు పడెయ్యొద్దు. నూనె గాలి తీసుకొని ఆరేటప్పుడు వేడి పుడతది. ఉండల ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటది. రేకుల షెడ్డుల, మే నెలల మరీ ప్రమాదం. విప్పి దండెం మీద పరిచి ఆరెయ్యి, లేకుంటే మూత ఉన్న డబ్బాల నీళ్లు పోసి అందుట్ల వెయ్యి.

గోడ_మీద_గీత_నాగర్‌కర్నూల్:
గద్వాల అన్నా, గోడకు ఇదే గడి పద్ధతి సరిపోతదా? స్కూలు ప్రహరీ, 40 అడుగుల పొడుగు, బతుకమ్మ వరుస. ఒకటే బొమ్మ మళ్లా మళ్లా రావాలె.

గద్వాల_గోడబొమ్మ:
మళ్లా మళ్లా వచ్చే బొమ్మకు గడి దండగ. బ్రౌన్ పేపరు మీద ఒక్కసారి పూర్తి సైజుల గియ్యి. గీతల వెంట 4, 5 మిల్లీమీటర్లకొక సూది గుచ్చు, కింద దుప్పటి మడత పెట్టుకో. వెనక దిక్కు ఉబ్బిన రంధ్రాలను ఉప్పు కాగితంతోని సాపు చెయ్యి, లేకుంటే మూసుకపోతయి. పల్చటి గుడ్డల జాజు పొడి మూట కట్టి, పేపరును గోడకు ఆనించి, మూటతోని తట్టుకుంట పో. చుక్కలు దిగుతయి. రుద్దితే పొడి పేపరు కిందికి పోయి మరక పడతది. చుక్కలు కలిపినంక ఎండు బ్రష్‌తోని జాజు దులిపెయ్యి.

కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగు. సిమెంటు క్షారం తగ్గకముందే వేస్తే రంగులు వెలిసిపోతయి. ప్రైమర్ తర్వాత నేరుగ ముదురు రంగులు కొట్టకు. బొమ్మ మొత్తానికి నడిమి టోన్ ఎమల్షన్ ఒక పూత కొట్టి, దాని మీద చీకట్లు, చివరికి వెలుగులు. గోడకు కింది పూత అంటే అదే. తంగేడు పసుపు తెల్లగోడ మీద మూడు చేతులు కొట్టినా నిండదు, కింద ఓకర్ ఉంటే ఒక్కటికే నిండుతది.

జాజును ఆయిల్‌ల కలిపి రంగుగ వాడొచ్చునా అని అడిగేటోళ్లు కూడ ఉంటరు. బజారు జాజుల ఇసుక, ఉప్పు ఉంటయి. కడిగి, తేర్చి, మెత్తగ నూరకుండ కాన్వాసు మీదికి తేవద్దు.

పాలమూరు_పెన్సిల్:
పిల్లలమర్రి లాంటి చెట్టు వేసేవాళ్లకు ఒక మాట కలుపుతాను, ఇదే తుడుపు పద్ధతికి చెందినది కాబట్టి. ఊడలను ఒక్కొక్కటిగా గీయబోకండి. అంబర్ పులిమి, ఊడల నడుమ వెలుగు సందులను గుడ్డతో ఎత్తండి. సందుల ఆకారాలు సరిగ్గా వస్తే ఊడలు వాటంతట అవే నిలబడతాయి. సందులన్నీ ఒకే వెడల్పు వస్తే అది కిటికీ ఊచల వరుస అవుతుంది.

నల్లగొండ_కుంచె:
అయితే నేనిట్ల పోదామనుకుంటున్న. జెస్సో రెండు పూతలు, మూడు రోజులు. రా అంబర్ టోన్. దారం గడి, ముద్దలు బొగ్గు, నిలువులు పెన్సిల్, అంబర్ గీత, దులుపుడు. తుడుపు పద్ధతి ఆయిల్‌తోనే. రెండు మూడు రోజులకు వెలుగుల కాడ తెలుపు, అంబర్. వారం ఆగి రంగు. నీడను చివర నలుపు గ్లేజుతోని పెడత.

వనపర్తి_డ్రాయింగ్_సార్:
రెండు మార్పులు. పెన్సిల్‌ను అక్రిలిక్ పూతతో మూసేమాట పైన వచ్చింది కదా. మీరు ఆయిల్ టోన్ వేశాక గీస్తే ఆ పూత వేయలేరు, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు. కాబట్టి టోన్‌ను అక్రిలిక్ రా అంబర్‌తో పల్చగా వేయండి. దాని మీద గీసి, మ్యాట్ మీడియంలో కొద్దిగా నీళ్లు కలిపి ఒక పూత ఇవ్వండి. బొగ్గు మిగలకుండా దులిపాకే సుమా, లేకపోతే కుంచెకు బొగ్గు అంటి అంతటా పాకుతుంది. అంబర్ గీత కూడా అక్రిలిక్‌తోనే వేయండి. మీడియం పూత తర్వాత ఒకటి రెండు రోజులు ఆగి ఆయిల్ మొదలుపెట్టండి.

నీడను చివరికి వాయిదా వేయకండి. తుడుపు దశలోనే 4 మెట్టులో పెట్టేయండి, గోడను దాని పక్కన తుడిచి 2కు తేండి. నలుపు గ్లేజు వెలుగును చంపి మసిగా మిగులుతుంది. అల్ట్రామెరైన్, బర్న్‌ట్ అంబర్ కలిపి, మూడో పొర మీడియంతో ఒక్క పల్చటి గ్లేజు చాలు. అంచును మాత్రం గట్టిగా కట్టకండి. లోపలికి వచ్చేది నేరుగా ఎండ కాదు, వెలుగు. ఆ నీడకు కత్తిరించిన అంచు పెడితే గోడకు నల్ల కాగితం అంటించినట్టు ఉంటుంది. తడి మీదే పొడి కుంచెతో రెండు పక్కలా ఒకసారి తాకించి వదిలేయండి.

గద్వాల_గోడబొమ్మ:
ద్వారబంధం కాడ 4 అంగుళాల గడి సాలదు తమ్మీ, చెక్కడం సన్నగుంటది. అక్కడ మాత్రమే 2 అంగుళాలకు ఇంకో దారం లాగు. కాన్వాసంతా లాగకు, చుక్కలు పెట్టుడుకే పొద్దు గూకుతది.